గుట్టకింది దవాఖాన

మొదట గడియ పడిన చప్పుడు వినిపించింది. ఇనుము మీద ఇనుము జారి, టక్కున ఆగిన చప్పుడు. మలుపు తిరిగిన తరువాతనే రమకు ఆ నీలం తలుపు కనిపించింది. గడపకు ఇరువైపులా వెలిసిపోయిన పసుపు, మెట్టు మీద విడిచిన రెండు జతల చెప్పులు కనిపించాయి. లోపల మనుషులున్నారు. ఆమె అడుగుల సవ్వడి విని, ఆమె మొహమైనా చూడకుండానే తలుపు వేసుకున్నారు.

వేసుకోనీ, అనుకున్నది రమ. దాచవలసింది ఉన్నది కనుకనే గడియ వేసుకున్నారు. ఆ దాచినదాని కోసమే కదా తను ఇంత దూరం వచ్చింది.

చీకటి విడవకముందే సిరిసిల్లలో బస్సెక్కింది. కరీంనగర్‌లో ఒకసారి, నిర్మల్‌లో ఒకసారి మారింది. ఇచ్చోడలో దిగేసరికి పొద్దు నెత్తి మీదికి వచ్చినా చలి మాత్రం ఒంటిని వదలలేదు. దారి చెప్పిన కిరాణా దుకాణం మనిషి కూడా ఆమెను ఎగాదిగా చూశాడు. "ముత్యం ఇల్లా? వాళ్లతోని నీకేం పని?" అన్నాడు. చుట్టాన్నని చెప్పినదాకా అతని చెయ్యి లేవలేదు. చెప్పిన తరువాత కూడా, నమ్మినట్టుగా లేదు.

ఆమె తలుపు తట్టింది.

"ఎవరు?" ముసలి గొంతు.

"సిరిసిల్ల నుంచి వచ్చిన అవ్వా. జర తలుపు తీయి."

"సిరిసిల్లల మాకెవ్వరు లేరు."

"ఒక్క మాట అడిగి పోత."

"దవాఖానోళ్లు పంపిండ్రా? సంతకాలు గింతకాలు పెట్టేది లేదు. మొన్న వచ్చినాయనకు గూడ గదే చెప్పినం. మేం తిట్టింది తిట్టిందే, ఎనుకకు తీసుకోం."

రమ తలుపు చెక్కకు నుదురు ఆనించింది. చలికి చెక్క రాయిలా ఉంది. "నా బిడ్డకు గూడ గదే బీమారి అవ్వా," అన్నది మెల్లగా. "ఏ దవాఖానకు తోలుకపోవాలెనో తెల్వక, మిమ్ముల అడిగి పోదామని వచ్చిన."

లోపల గుసగుస. ఒక గొంతు వద్దన్నది, ఒక గొంతు ఊరుకోమన్నది. వద్దన్న గొంతు వయసులో ఉన్న ఆడమనిషిది, ముసలామెది కాదు. రమ ఆ సంగతిని మనసులో ముడివేసుకున్నది. గడియ ఊడింది.

రమ బిడ్డ పేరు హర్షిణి. పుట్టుకతోనే వచ్చిన తలసీమియా ఆ పిల్లది. ఒంట్లో తయారైన నెత్తురు నిలువదు. మూడు వారాలకోసారి కరీంనగర్‌కు పోయి, ఎవరిదో నెత్తురు ఎక్కించుకొని వస్తే, మళ్లీ మూడు వారాలు ఆట, పాట, బడి. ఈ ఎండాకాలంలో పరీక్షలు చేయిస్తే, తమ్ముడు ఓంప్రకాశ్ ఎముక మూలుగ అక్కకు అచ్చంగా కలిసింది. ఆ మూలుగను ఎక్కిస్తే పిల్లకు తన నెత్తురు తనకే పుడుతుందన్నారు. ఆ రోజు రమ, భర్త దేవదాస్ బస్టాండులో కూర్చుని చాయ్ తాగుతూ తాగుతూ ఏడ్చారు. అది ఏడుపో నవ్వో పక్కవాళ్లకు తెలియలేదు.

తరువాత మొదలైంది అసలు పరేషాన్. ఎక్కడ చేయించాలి?

హైదరాబాద్‌లో రెండు చోట్లు చూసి వచ్చారు. ఒకదాన్ని ఇంట్లో అద్దాల దవాఖాన అనేవారు, ఇంకొకదాన్ని గుట్టకింది దవాఖాన. అద్దాల దవాఖానలో చల్లటి గది, మెత్తటి మాట. "మూడు నాలుగు వారాల్లో మీ ఊరికి వెళ్లిపోవచ్చు. మా డాక్టరే కరీంనగర్ వచ్చి చూస్తారు," అన్నారు. బాగుపడ్డ పిల్లల తల్లిదండ్రుల ఫోన్ నెంబర్లు ఇచ్చారు. రమ నలుగురికి ఫోన్ చేసింది. నలుగురూ ఒకే మాట అన్నారు. "సొంత బిడ్డ లెక్క చూసుకున్నరు." నాలుగోసారి కూడా అదే మాట, అదే వరుసలో, అదే చోట ఊపిరి తీసుకొని వినిపించేసరికి ఆమె చేతిలో ఫోన్ చల్లబడింది.

గుట్టకింది దవాఖానలో డాక్టరమ్మ గొంతు కూడా ఎత్తలేదు. "పదిమందిలో ఒకరిద్దరిని మేము కాపాడలేకపోతున్నాం. మీ పాప ఆ ఒకరిద్దరిలో ఉండదని నేను మాట ఇవ్వలేను," అన్నది. మూలుగ ఎక్కించిన తరువాత మూడు నెలలకు పైగా దవాఖాన పక్కనే గది తీసుకొని ఉండాలన్నది. గుంపుల్లోకి పోవద్దు, మట్టిలో ఆడవద్దు, పశువుల దగ్గరికి పోవద్దు, జ్వరం వస్తే ఆ క్షణమే రావాలి. బయటికి వచ్చి దేవదాస్ తల పట్టుకున్నాడు. "చస్తదేమోనని చెప్పే డాక్టరు దగ్గర ఎవరన్న పిల్లను పండబెడుతరా?" అన్నాడు.

దేవదాస్ మేనమామ సిద్దిరాములు అయితే తేల్చి పారేశాడు. మగ్గాల షెడ్డులో సాంచాల రొద మీదుగా గొంతు పెంచి, "గా కిరాయి గదులోళ్లతోని కుమ్మక్కైండ్రు. అందుకే మూడు నెలలు కదలద్దంటరు. ఇచ్చోడ పిలగాని సంగతి ఎరుక లేదా? గాళ్ల చేతులనే పోయిండు. సల్లగ అద్దాల దాంట్లకు పోండ్రి," అన్నాడు. ఇచ్చోడ పిల్లవాని సంగతి కరీంనగర్‌లో నెత్తురు ఎక్కించే గదిలో కూర్చునే ప్రతి తల్లికీ తెలుసు. అందరూ చెప్పేవారే. ఆ ఇంటికి పోయి చూసినవారు మాత్రం లేరు.

మామకు అద్దాల దవాఖాన మీద ఇంత ప్రేమ ఎందుకు పుట్టిందో రమకు అంతుపట్టలేదు. ఆయన అంగీ జేబులో ఆ దవాఖాన బొమ్మ అచ్చేసిన కాగితం ఒకటి కనిపించింది. ఊరికే ఉన్నదో, ఊరికే కాదో. ఆ రోజు నుంచి ఆమెకు ఎవరు మంచి చెప్పినా ఆ మంచి వెనుక చెయ్యి ఎవరిదోనని వెతకడం అలవాటైంది. చివరికి ఒక ఆలోచన వచ్చింది. బతికినవాళ్ల ఇళ్లల్లో ఎవరైనా ఏదైనా చెప్పిస్తారు. పోయినవాళ్ల ఇంట్లో అబద్ధం చెప్పి ఎవరికి లాభం? అందుకే వచ్చింది.

ఇప్పుడు ఆ ఇంట్లో అడుగుపెట్టి నిలబడిపోయింది. ముందరి గదిలో సగం దాకా పత్తి. నేల నుంచి కిటికీ మీదిదాకా కుప్పపోసిన తెల్లదనం. పుట్టినప్పటి నుంచి దారం మధ్యనే బతికినా, కండెలు చుట్టీ చుట్టీ వేళ్ల కొసలు అరిగినా, ఇంత పత్తిని రమ ఎన్నడూ ఒకచోట చూడలేదు. దాని వాసన కొంచెం మట్టి, కొంచెం ఎండ. మనుషులు అందులో మాట్లాడితే గొంతులు ఇంకిపోతున్నాయి.

"కూసో బిడ్డా," అన్నది ముసలామె. పేరు కొమురవ్వ, ముత్యం తల్లి. "మా పోరడు మస్కట్‌ల ఉన్నడు. పిలగాడు పోయినంక ఇంట్ల ఉండలేక మళ్ల పోయిండు. ఇది నా కోడలు, నవీన. మాట్లాడది. పోయినోడు పోతే దీని నోరు గూడ పట్టుకపోయిండు."

నవీన పత్తికుప్పకు ఆనుకొని కూర్చుని, పత్తికి అంటిన ఎండుటాకులు ఏరుతున్నది. తల ఎత్తలేదు. నీళ్లు అడిగితే తెచ్చి ఇచ్చింది. ఇచ్చేటప్పుడు కూడా కళ్లు కలపలేదు.

"మీరు గుడ్డ నేసెటోళ్లా?" కొమురవ్వ అడిగింది. "మా పత్తి మీ దగ్గరికే వస్తదా?"

"ఏమో అవ్వా. మా దగ్గరికి వచ్చేసరికి దారమై వస్తది. ఎవరి పత్తో ఎట్ల ఎరుక?"

"నా పత్తయితే ఎరుక పడుతది. నా లెక్కనే గట్టిగుంటది," అని ముసలామె నోరు తెరిచి నవ్వింది. మధ్యలోనే నవ్వు మానేసింది. నవ్వినందుకు తననే తాను తప్పుపట్టుకున్నట్టు కొంగుతో మూతి తుడుచుకున్నది.

రమ నెమ్మదిగా అడిగింది. "ఏమైంది అవ్వా, గా దవాఖానల?"

"ఏం కావాలె. మంచిగ చేసిండ్రు, తరువాత సంపిండ్రు." కొమురవ్వ గొంతు గట్టిపడింది. "వాని అక్క మూలుగ కలిసింది. ఎక్కిచ్చిండ్రు. నెలన్నరకు నెత్తురు సొంతంగ పట్టిందన్నరు. మేం ఎంత సంబురపడ్డమో. గప్పుడే రావాలె ఇంటికి. రానియ్యరు. ఇంక ఉండు, ఇంక ఉండుమంటరు. కిరాయి గదిల ఎన్నొద్దులుంటం? మేమే తోలుకొచ్చుకున్నం. వచ్చినంక పది పదిహేనొద్దులకు జరం వచ్చింది. ఈడ సూదేపిస్తె తగ్గింది, మళ్ల వచ్చింది. కారు కట్టుకొని వాళ్ల దగ్గరికే ఉరికినం. మూడోనాడు పోయిండు. వాళ్ల చేతులనే పోయిండు. నడిచి పోయిన పిలగాడు."

"అత్తమ్మా, ఆమెకు బస్సు పోతది," అన్నది నవీన. ఆ ఇంట్లో ఆమె నోటి నుంచి రమ విన్న మొదటి మాట అదే.

"పోతె ఇంకోటి వస్తది. అంత దూరం నుంచి వచ్చింది, చెప్పకపోతె ఎట్ల?"

రమ నవీన చేతులను చూసింది. ఏరడానికి ఆకు లేని చోట కూడా ఆ వేళ్లు ఏరుతున్నాయి. ఈమె ఏదో దాస్తున్నది. దవాఖానవాళ్లు ఇంటికి వచ్చిపోయారని ముసలామె అన్నది కదా. ముసలామెకు తెలియకుండా కోడలితో ఏదైనా ఒప్పందం చేసుకున్నారా? నోరు మూయించారా? పిల్లవాడు పోయిన తల్లి ఇంత మూగగా ఉండటం రమకు సహజంగా తోచలేదు. మనసులో గుట్టకింది దవాఖాన తలుపు దబ్బున మూసుకున్నది. ఇక అద్దాల దవాఖానే. మామ నిజమే చెప్పాడేమో.

"మేమేం తప్పు చేయలే బిడ్డా," కొమురవ్వ లేచింది. "మందు తప్పియ్యలే. పథ్యం తప్పియ్యలే. దేవునికి గూడ బాకీ పెట్టలే. ఆగు, చూపిస్త."

"అత్తమ్మా, ఇప్పుడెందుకు అయన్ని?"

"చూడనీయే. మనం ఎట్ల చూసుకున్నమో తెల్వాలె గదా."

ఆమె సందూక మూత తెరిచి, చీర మడతల్లో నుంచి ఒక ఫొటో తీసుకొచ్చి రమ చేతిలో పెట్టింది. వేములవాడ రాజన్న గుడి ముందు, అక్కడే నిమిషాల్లో తీసి ఇచ్చే ఫొటో. రమకు ఆ గుడి తన ఇంటి వాకిలంత తెలుసు. సిరిసిల్ల నుంచి బస్సెక్కి కూర్చున్నంతలో దిగే ఊరు. ఫొటోలో పూలదండ వేసుకున్న పిల్లవాడు. పక్కన కోడె. పిల్లవాని చిన్న చెయ్యి దాని కొమ్ము మీద. మూతికి కట్టిన గుడ్డ గదవ కిందికి జారి ఉంది. వెనుక, ముందు, ఇరుపక్కలా మనుషులు. సోమవారం జనం. కాళ్ల కింద తడి బండలు, ఆ తడిలో తొక్కుడు పడిన పేడ.

"కోడెను కడుతమని మొక్కిన," కొమురవ్వ చెప్తున్నది. "వాడు బాగైతే కోడెను పట్టుకొని వాడే గుడి సుట్టు తిరుగాలెనని. ఇంటికి వచ్చిన వారానికే పోయినం. ఎండల గంటలు గంటలు లైన్ల నిలబడ్డం. ఒక్క పారి గూడ ఏడ్వలే. తలనీలాలు ఇద్దామంటె నెత్తి మీద ఎంటికెలే లెవ్వు. దేవుడే ముందుగాల తీసుకున్నడని నవ్వుకున్నం. కోడె నోట్లె గడ్డి గూడ వాడే పెట్టిండు. ఇగ చెప్పు. మేమేం తక్కువ చేసినమా?"

రమ ఫొటో మీద నుంచి కళ్లెత్తలేకపోయింది. గుంపుల్లోకి పోవద్దు. పశువుల దగ్గరికి పోవద్దు. డాక్టరమ్మ గొంతు ఎత్తకుండా చెప్పిన మాటలు ఒక్కొక్కటే వచ్చి ఆ ఫొటోలోని పిల్లవాని చుట్టూ నిలబడ్డాయి. కొత్త మూలుగ పుట్టించిన కొత్త నెత్తురు. ఏ రోగాన్నీ ఇంకా ఎదిరించలేని, పసిబిడ్డ వంటి నెత్తురు. దాన్ని తీసుకుపోయి ఆ తడి బండల మీద నిలబెట్టారు. ప్రేమతో నిలబెట్టారు. అందరికన్న ఎక్కువ ప్రేమతో ఈ ముసలామె నిలబెట్టింది. ఆ సంగతి ఈమెకు ఈనాటికీ తెలియదు.

ఎదురుగా నవీన మొదటిసారి తల ఎత్తింది. రమ కళ్లల్లోకి సూటిగా చూసింది. ఆ చూపులో భయం లేదు, ఒప్పందం లేదు. ఒకే ఒక్క వేడుకోలు ఉన్నది. అనకు. ఈమె ముందర అనకు.

"తక్కువ చేయలే అవ్వా," అన్నది రమ. "మీరేం తక్కువ చేయలే."

ముసలామె ఫొటో తీసుకొని, కొంగుతో తుడిచి, మళ్లీ చీర మడతల్లో పెట్టింది. రమ ఆ మడతలనే చూసింది. ఆ ఫొటోలో తన హర్షిణి నిలబడి ఉండేది. మూలుగ కలిసిందని తెలిసిన రోజునే, బస్టాండులో చాయ్ చల్లారకముందే, రమ కూడా రాజన్నకు కోడెను మొక్కింది. దేవదాస్‌కు చెప్పలేదు, డాక్టరమ్మకు చెప్పలేదు. నెల తిరగకముందే ఇంటికి పంపే దవాఖాన అయితే, గుడి పక్కనే ఇల్లు అయితే, బిడ్డ లేచి తిరుగుతుంటే, ఆమె ఆగేదా? ఇన్నాళ్లు డాక్టర్లను అనుమానించింది, మామను అనుమానించింది, ఫోన్‌లో గొంతులను అనుమానించింది. తనను తాను మాత్రం ఒక్కసారి కూడా అనుమానించలేదు.

"రోడ్డుదాక సాగనంపి వస్త," అని నవీన లేచి చెప్పులు తొడుక్కున్నది.

ఇద్దరూ సందు మలుపు దాటారు.

"సమజైంది గదా అక్కా నీకు," అన్నది నవీన.

"అయింది. అంతకుముందు మాత్రం, దవాఖానోళ్లు నీ నోరు మూపిచ్చిండ్రనుకున్న."

"గట్లయినా మంచిగుండు. తిట్టనీకి ఒక కారణమన్న దొరుకు."

రమ ఆగింది. ఇంకా నమ్మకం కుదరలేదు. నమ్మాలనిపించినప్పుడే జాగ్రత్తగా ఉండాలని ఇన్ని నెలల్లో నేర్చుకున్నది. "ఒక్కటి చెప్పు. పోవద్దని వాళ్లు సక్కగ చెప్పిండ్రా, ఊకె ఒక కాగితం చేతుల పెట్టి పంపిండ్రా?"

"ఒక సిస్టరమ్మ ముందర కూసోబెట్టుకొని చెప్పింది. మళ్ల నాతోని చెప్పిచ్చుకున్నది, బడి పిల్లలకు లెక్క. అన్ని అప్పజెప్పిన. ఇంటికొచ్చినంక దినాం ఫోన్ చేసింది. నేను లేపకపోతుంటి." నవీన కొంగు చివర వేలికి చుట్టుకున్నది. "మా అత్త ఏడుస్తుండె. మొక్కు బాకీ పెడితే దేవుడు మళ్ల గుంజుకుంటడని. ఆమె బుగులు నాకు గూడ అంటింది అక్కా. డాక్టరమ్మ మాట దూరమైంది, దేవుడు దగ్గరుండె."

"జరంతోని పోయినప్పుడు వాళ్లేమన్నరు?"

"ఎవ్వరేమనలే. ఎప్పటినుంచి జరం అని సిస్టరమ్మ అడిగింది. నేను తక్కువ చేసి చెప్పిన. అబద్ధమని ఆమెకు ఎరుకే. మళ్ల అడగలే. వాని దగ్గరికి పోయి నిలబడ్డది, గంతే."

రమ లోపల ఎక్కడో బిగిసి ఉన్నది కొంచెం వదులైంది. మెచ్చుకోలు మాట ఒక్కటీ లేదు. సొంత బిడ్డ లెక్క అన్న మాట లేదు. ఇది ఎవరూ నేర్పి పంపిన మాట కాదు.

"మరి ఊరూరు గా దవాఖాననే తిడుతున్నరు గదా. నా అసోంటోళ్లు ఎంతమంది బుగులు పడి పక్కకు పోయిండ్రో."

"ఎరుకే." నవీన గొంతు తగ్గింది. "ముసలామెకు తెలిస్తే బతకది. నేను నోరు తెరిస్తే ఈ ఇంట్ల ఇంకొకరు పోతరు. దవాఖాన తిట్లు తిన్నా నిలబడి ఉంటదని ఊకున్న. తప్పే. అందుకే నీ ఎంబడి వచ్చిన. నీకొక్కదానికన్న చెప్పాలెనని."

హైవే మీదికి వచ్చారు. నాగపూర్ వైపు పోయే లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి.

"నేను గూడ మొక్కిన," అన్నది రమ. "గదే మొక్కు."

నవీన ఆమె మొహంలోకి చూసింది. "తీర్చు. ఆలస్యంగ తీర్చు. డాక్టరమ్మ పోవచ్చన్ననాడు తీర్చు. రాజన్న యాడికి పోడు."

"మేం గుట్టకిందికే పోతం. మూడు నెలలైనా, ఆరు నెలలైనా ఆడనే ఉంట. మా మామ మొత్తుకుంటడు. మొత్తుకోనీ. ఎందుకని అడిగితే చెప్పను."

నిర్మల్ బస్సు దూరంగా కనిపించింది. నవీన ఆ బస్సును చూసి, గబగబా, ఎవరో తరుముతున్నట్టు మాట్లాడింది.

"పోతె నాకో పని చేస్తవా అక్కా? గా సిస్టరమ్మ మూడో అంతస్తుల ఉంటది. చెంప మీద పుట్టుమచ్చ. ఆఖరికి వాని దగ్గర ఆమెనే ఉన్నది. మమ్ముల అద్దం బయట నిలబెట్టిండ్రు. వాడు ఆమెతోని ఏదో అన్నడు. పెదవులు కదిలినయి, నేను చూసిన. ఏమన్నడో అడుగనీకి నాకు మొహం చెల్లలే. నువ్వు అడుగు. ఏమన్నా సరే, నాకు ఫోన్ చేసి చెప్పు. లేపుత."

"అడుగుత. ఎవరి గురించని చెప్పాలె? ఆమె దగ్గరికి ఎంతమంది పిల్లలు వస్తరో." అప్పుడు రమకు తట్టింది. ఆ ఇంట్లో కూర్చున్నంతసేపూ వాడు, పిలగాడు అన్న మాటలే విన్నది. "వాని పేరేంది?"

నవీన కొంగు చివరను మళ్లీ వేలికి చుట్టుకున్నది. "పోయినోని పేరు తియ్యద్దంటది మా అత్త. తీస్తే తొవ్వల ఆగిపోతడంట. ఎన్నడు తియ్యలే నేను. మనసుల గూడ తియ్యలే."

బస్సు వచ్చి ఆగింది. కండక్టర్ తలుపు కొట్టి తొందరపెట్టాడు. రమ ఒక కాలు మెట్టు మీద పెట్టి, కమ్మీ పట్టుకొని, వెనుకకు తిరిగి నిలబడింది. నవీన పెదవులు కదిలాయి. పక్కన పోతున్న లారీ రొదలో మాట వినపడలేదు.

"వినరాలే," అన్నది రమ. "గట్టిగ చెప్పు."

నవీన కొంగు వదిలేసింది. మెడ నిటారుగా ఎత్తి, బస్సులో కూర్చున్నవాళ్లు కూడా తిరిగి చూసేంత గట్టిగా చెప్పింది.

"సాయిచంద్."